మొహమాటంతో మొదలైన పరుగు

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలి పావంచా (కొండ మెట్ల మొదలు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరాలి. మా అత్తగారు ఏళ్ల తరబడి నడిచారు. ఒక ఏడాది మోకాళ్లు మొరాయించడంతో "ఈసారికి నా బదులు నువ్వెళ్లి రా అమ్మా" అన్నారు. మొక్కు ఆవిడది, కాళ్లు నావి. అప్పటికి నేను నడిచే దూరమల్లా విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచి రైతుబజారు వరకే. మిగతా పొద్దంతా బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనకాల కుర్చీలో గడిచిపోయేది.

అయినా నడిచేశాను. నా గొప్పేమీ లేదు. లక్షల మంది నడుస్తుంటే ఆగడమే కష్టం. పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన గోవింద నామాలు చెప్పుకుంటూ పోతుంటారు. ముందు చంటిపిల్లని ఎత్తుకుని ఒకామె. ప్రతి సందు మొదట్లో మజ్జిగ, పులిహోర, నీళ్ల ప్యాకెట్లు పట్టుకుని "తీసుకోండమ్మా, తీసుకోండి" అంటూ కుర్రాళ్లు. వాళ్ల ముందు "నా వల్ల కాదు" అని అరుగు మీద కూలబడడానికి సిగ్గేసింది. తెల్లారేసరికి తొలి పావంచా దగ్గర ఉన్నాను. తర్వాత రెండు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాననుకోండి, అది వేరే కథ.

ఆ ఊపులో రోజూ వాకింగ్ మొదలుపెట్టాను. ఒక్కదాన్నే. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్, కొత్త బూట్లు, అలారం, అన్నీ ఉన్నాయి. వారం తిరిగేసరికి అలారం మోగడం, నేను ఆపడం ఒక అలవాటైపోయింది. 32 కిలోమీటర్లు నడిచిన మనిషి రెండు కిలోమీటర్లకి బద్ధకించడం నాకే వింతగా ఉండేది.

మా ఇంటికి బీచ్ రోడ్డు దగ్గరే. ఆర్కే బీచ్ వైపు పొద్దున్నే కొన్ని గంటలు బళ్లు రానివ్వరు. ఆ టైములో ఆ రోడ్డు మీద ఎన్ని రకాల మనుషులుంటారో చెప్పలేం. లాఫింగ్ క్లబ్బు వాళ్లు, యోగా వాళ్లు, స్కేటింగ్ పిల్లలు, నేవీ వాళ్లు, ఆర్మీ సెలక్షన్ల కోసం 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లలో కొందరికి బూట్లు కూడా ఉండవు. మన పక్క నుంచి వెళ్తే గాలి తగులుతుంది, మనిషి కనపడడు.

కాళీ గుడి ఎదురుగా ఒక గుంపు రోజూ ఒళ్లు విరుచుకుంటూ కనిపించేది. పదిహేను మంది దాకా ఉంటారు. అందులో ఒక పెద్దాయన, నేవీలో చేసి రిటైరైన మనిషి, ఒకరోజు నన్ను ఆపేశారు. "ఏటమ్మా, అప్పుడప్పుడూ కనిపిస్తావు, అప్పుడప్పుడూ మాయమైపోతావు. రేపు నాలుగున్నరకి ఇక్కడికొచ్చెయ్. నీకోసం చూస్తాం" అన్నారు. అందరూ ఆయన్ని నేవీ బాబాయ్ అంటారని తర్వాత తెలిసింది. రానని చెప్పడానికి నోరు రాలేదు. సరేనండీ అన్నాను.

మర్నాడు నాలుగింటికి మెలకువ వచ్చేసింది, అలారం కంటే ముందే. పరిగెత్తాలన్న ఉత్సాహంతో కాదు. పెద్దాయన నిలబడి చూస్తుంటారేమో అన్న టెన్షన్‌తో.

మోటివేషన్ మీద బోలెడు వీడియోలున్నాయి. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఏనాడూ పరిగెత్తాలనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. నన్ను మంచం మీద నుంచి లేపేది మొహమాటమే. నలుగురు చీకట్లో నిలబడి నా కోసం గడియారం చూసుకుంటుంటే నేను దుప్పటి కప్పుకుని పడుకోలేను. మనలో చాలామందిమి ఈ గుణం వల్ల అక్కర్లేని పెళ్లిళ్లకి వెళ్తాం, అక్కర్లేని చీటీలు కడతాం. ఒక్కచోట అది నాకు పనికొచ్చింది.

మొదట్లో నేను పరిగెత్తింది ఏమీ లేదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. బాబాయ్ పెట్టిన నియమం ఒక్కటే: పరిగెడుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట ఆగిపోతే వేగం తగ్గించాలి. ఇది ఆయన సొంత సిద్ధాంతం అనుకున్నాను. ప్రపంచమంతా దూరప్రయాణపు పరుగుకి ఇదే పాఠమని తర్వాత తెలిసింది. వారంలో ఎక్కువ పరుగులు ఇలా నిదానంగానే ఉండాలట, ఒకటో రెండో మాత్రమే ఆయాసం వచ్చేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట నమ్మరు. రోజూ ప్రాణం మీదికి తెచ్చుకుని పరిగెత్తి, నెల తిరక్కుండా మడమ నొప్పితోనో మోకాలి నొప్పితోనో మానేస్తారు.

మాట్లాడగలగాలి అన్నారు కదా, మా వాళ్లు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. ఆ గంటలో నేను విన్నన్ని కబుర్లు మా బ్యాంకులో లంచ్ టైములో కూడా వినలేదు. ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేసే ఒకామె ఉంది, ఆవిడని డాక్టరమ్మ అంటాం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తుంది. ఇంజనీరింగ్ పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు ఒకడు, పెద్ద జాలరిపేట నుంచి వచ్చే ఒక తమ్ముడు, స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. జాలరిపేట తమ్ముడు ఆ రోజు గాలి ఎటుందో, వేటకి బోట్లు వెళ్లాయో లేదో చెప్పేవాడు. లెక్కల మాస్టారు ఎవరి పేస్ ఎంత (కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు), ఎంత దూరానికి ఎంత టైము పడుతుందో నోటితో లెక్క కట్టేసేవారు. బాబాయ్ హుద్‌హుద్ కథ చెప్పేవారు. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను కొట్టాక కైలాసగిరి మీద చెట్టన్నది మిగల్లేదనీ, బీచ్ రోడ్డు ముక్కలైపోతే రాళ్ల మధ్య నుంచే పరిగెత్తామనీ. ఆ కథ ప్రతి అక్టోబరులోనూ వింటాం, ప్రతిసారీ రాళ్ల సైజు కాస్త పెరుగుతుంది.

ఆడవాళ్లకి పరుగు మొదలుపెట్టడంలో మగవాళ్లకి తట్టని తిప్పలు కొన్ని ఉన్నాయి. చీకట్లో ఒంటరిగా రావడం ఒకటి. నన్నూ, ఇంకొకామెనీ డాక్టరమ్మ వీధి చివర కలుపుకుని తీసుకెళ్లేది. బట్టలు ఇంకొకటి. మొదట్లో పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకి కట్టుకుని పరిగెత్తాను. సరైన స్పోర్ట్స్ బ్రా వేసుకోకపోతే భుజాలు, వీపు ఎందుకు నొప్పెడతాయో డాక్టరమ్మే కూర్చోబెట్టి చెప్పింది. ఏ దుకాణంలో ఏ సైజు దొరుకుతుందో కూడా ఆవిడే చెప్పింది. మగ కోచ్‌ని ఈ మాట మనం అడగలేం, ఆయన చెప్పలేడు. తర్వాత టీ షర్టు, ట్రాక్ ప్యాంటు. వీధిలో వాళ్లు కొన్నాళ్లు చూశారు, తర్వాత మానేశారు.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు గానీ వంట ఎవరు చేస్తారన్నది మాత్రం ప్రశ్నే. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. అమ్మాయి ఇంటర్. అప్పుడు ఆదుకున్నది అత్తగారే. ఆవిడకి ఈ పరుగంతా గిరి ప్రదక్షిణకి తయారవడంలాగే కనిపించింది. ముందురోజు రాత్రే చోడి (రాగి) అంబలి కాచి పెట్టేవారు. వచ్చాక "ఈరోజు ఎంత దూరం?" అని అడిగేవారు. ఆరు కిలోమీటర్లంటే, "ఇంకా హనుమంతవాక కూడా రాలేదన్నమాట" అనేవారు.

బీచ్ రోడ్డు అంటే బల్లపరుపుగా ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. కాళీ గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వుడా పార్కు వరకూ నిజమే, సాఫీగానే ఉంటుంది. అప్పుఘర్, జోడుగుళ్లపాలెం దాటి తెన్నేటి పార్కు వచ్చేసరికి రోడ్డు లేవడం మొదలవుతుంది. ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క కింద సముద్రం. అక్కడి నుంచి సాగర్‌నగర్, రుషికొండ దాకా ఎత్తులూ పల్లాలే. కాళ్లకి మంచి పని.

అసలు శత్రువు ఎత్తు కాదు, ఉక్క. ఏప్రిల్ నుంచి ఇక్కడ తెల్లవారుజామున కూడా తడి తువ్వాలు ఒళ్లంతా చుట్టుకుని పరిగెత్తినట్టుంటుంది. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. డిసెంబరులో హాయిగా పరిగెత్తిన దూరమే మే నెలలో కిలోమీటరుకి నిమిషం ఎక్కువ తీసుకుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాతో ఒకరోజు పరిగెత్తి, "ఇక్కడ మీరు ఎలా బతుకుతున్నారండీ" అన్నాడు. ఉప్పు, నిమ్మకాయ కలిపిన నీళ్లతో, అని చెప్పాం. ఉత్త నీళ్లే లీటర్లు తాగడం కూడా మంచిది కాదు, చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి ఒంట్లోకి వెళ్లాలి.

శీతాకాలంలో వైజాగ్ నేవీ మారథాన్ జరుగుతుంది, మా బీచ్ రోడ్డు మీదే. అందులో హాఫ్, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, నా మొదటి పెద్ద పరుగు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే అంతా సవ్యంగా జరిగింది. మా సొంత రోడ్డు, మా సొంత గుంపు, వేలమంది జనం. మెడల్ తెచ్చి అత్తగారికిస్తే దేవుడి గూట్లో సింహాద్రప్పన్న ఫొటోకి వేలాడదీశారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది.

మూడు నెలలకి నా పేస్ పడిపోవడం మొదలైంది. ముందు ఎండ అనుకున్నాం. తర్వాత నిద్ర చాలట్లేదనుకున్నాం. వుడా పార్కు వరకూ కబుర్లు చెబుతూ పరిగెత్తే మనిషిని, కురుసుర దగ్గరే ఆయాసపడిపోతున్నాను. మెట్లెక్కితే గుండె దడ. కౌంటర్లో నోట్లు లెక్కపెడుతుంటే కళ్లు మూతలు పడేవి. జుట్టు దువ్వెన నిండా. అన్నిటికంటే విడ్డూరం, ఐసు ముక్కలు నమలాలని ఒకటే కోరిక. ఫ్రిజ్‌లో ట్రే ఖాళీ అయిపోతుంటే అమ్మాయి నవ్వేది.

గుంపులో ఎవరూ ఏమీ అనలేదు. నా కోసం నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు, అంతే. అదే నాకు భరించలేనిదైపోయింది. లెక్కల మాస్టారు ముంబై మారథాన్ కోసం తయారవుతున్నారు, ఆయన టైము నా వల్ల పాడవుతోందని నాకు తెలుస్తోంది. నన్ను రోడ్డు మీదికి లాక్కొచ్చిన మొహమాటమే ఈసారి వెనక్కి లాగింది. ఒళ్లు బాలేదని ఒకరోజు, చుట్టాలొచ్చారని ఒకరోజు మెసేజ్ పెట్టాను. తర్వాత మెసేజ్ కూడా పెట్టలేదు.

ఒక చోట చూపించుకున్నాను. ఆయన నా వయసు అడిగారు, పరుగు సంగతి విన్నారు. "ఈ వయసులో పరుగులేంటమ్మా, వాకింగ్ చేసుకోండి చాలు" అని బలానికి మాత్రలు రాసిచ్చారు. రక్తపరీక్ష ఊసే లేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. మానేయడానికి ఒక డాక్టరు చీటీ దొరికింది.

ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నరకి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే చెమటలు కారుతూ ఆరుగురు నిలబడి ఉన్నారు. బాబాయ్ ముందు. "లాంగ్ రన్ రూటు మీ ఇంటి మీదుగా మార్చాం. మంచినీళ్లిస్తావేటి?" అన్నారు. అత్తగారు హడావుడిగా అందరికీ మజ్జిగ కలిపారు. డాక్టరమ్మ మాత్రం మజ్జిగ తాగకుండా నా కింది రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది. ఐసు సంగతి అమ్మాయి బయటపెట్టేసింది. "సోమవారం హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చేయించి రిపోర్టు నాకు పంపు. పంపకపోతే వీళ్లందరినీ మళ్లీ తీసుకొస్తా" అంది.

హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ అయితే ఒంటి అంకె. ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినా దాన్ని కండరాల దాకా మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబినే. మోసేవాళ్లే లేకపోతే కాళ్లు ఏం చేస్తాయి? ఐసు నమలాలనిపించడం కూడా ఇనుము తక్కువైనవాళ్లలో కనిపించే లక్షణమేనట. గైనకాలజిస్టు దగ్గరికి పంపింది డాక్టరమ్మ. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే గడ్డలు, కనపడ్డాయి. ఏడాదిగా నెలసరి ఎక్కువవుతుంటే, నలభై దాటాక ఇంతేనేమో అనుకుంటూ వచ్చాను. మా అమ్మకీ అంతే, పిన్నికీ అంతే. వాళ్లూ ఎవరికీ చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే క్యూలో నా ముందు, వెనక నిలబడ్డవాళ్లలో సగానికి పైగా. అందరం నీరసంగానే వంట చేసి, నీరసంగానే బస్సెక్కుతున్నామన్నమాట.

వైద్యం గురించి ఎక్కువ చెప్పను, ఎవరిది వారికి డాక్టరే చెప్పాలి. నాకు నెలసరికి మందులిచ్చారు, ఇనుము ముందు సెలైన్‌లో ఎక్కించి తర్వాత మాత్రలకి మార్చారు. మాత్రతో నిమ్మరసం, మాత్రకి ముందూ వెనకా టీ, కాఫీలు బంద్. టీ అన్నానా, అది నాకు ఇనుము మాత్ర కంటే కష్టమైంది. అన్నం తినగానే టీ తాగడం మా ఇంట్లో మూడు తరాల అలవాటు. తిన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడేది అదేనని తెలిశాక అత్తగారు కూడా సాయంత్రానికి మార్చుకున్నారు. పరుగు మాత్రం కొన్ని నెలలు వద్దన్నారు.

వద్దన్నప్పుడు ఇంట్లో కూర్చుంటే సరిపోయేది. కానీ బాబాయ్ ఊరుకోలేదు. "పరిగెత్తొద్దన్నారు గానీ స్కూటీ తొక్కొద్దనలేదు కదా" అని లాంగ్ రన్‌కి నీళ్లబండి డ్యూటీ నాకు వేశారు. స్కూటీ ముందు నీళ్ల క్యాను, సీటు కింద అరటిపళ్లు, ఖర్జూరం, పల్లీ చిక్కీ, ఉప్పు పొట్లం, వాజెలీన్ డబ్బా. ముందు పోయి తెన్నేటి పార్కు దగ్గర ఆగడం, అందరూ దాటాక సాగర్‌నగర్ దగ్గర ఆగడం, తర్వాత రుషికొండ.

ఆ నెలల్లో నాకు తెలిసింది ఏంటంటే, పరిగెత్తేటప్పుడు మనం పక్కవాళ్లని చూడం, వింటాం. ముఖాలు చూసేది నీళ్లిచ్చేవాళ్లే. లెక్కల మాస్టారు 20 కిలోమీటర్లు దాటాక తనలో తనే ఎక్కాలు చదువుకుంటారు, పెదవులు కదులుతుంటాయి. ఇంజనీరింగ్ కుర్రాడు అందరికంటే ముందొస్తాడు, అయినా అందరికంటే ఎక్కువ భయం వాడికే. ఇంకా ఎంతుందక్కా, ఇంకా ఎంతుందక్కా అంటాడు. జాలరిపేట తమ్ముడు నీళ్లు తాగడు, నా దగ్గర ఆగి పది సెకన్లు సముద్రం కేసి చూసి వెళ్లిపోతాడు. డాక్టరమ్మ బాగా అలిసిపోతే పక్కవాళ్లకి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెడుతుంది. బాబాయ్ చివర్న వస్తారు. ఆయనకి వేగం లేక కాదు, చివర్న ఎవరుంటే వాళ్లతోనే పరిగెత్తడం ఆయన పద్ధతి. అంతకుముందు నా పక్కన ఎప్పుడూ ఆయనే ఎందుకుండేవారో స్కూటీ మీద కూర్చున్నాకే అర్థమైంది.

నా కోసం వీళ్లు నెమ్మదిగా పరిగెత్తడం త్యాగం అనుకుని కుమిలిపోయాను కదా. ఇప్పుడు ఎండలో క్యాను పట్టుకుని గంటలు నిలబడుతున్నది నేను. అదేం త్యాగంలా అనిపించలేదు. ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

హిమోగ్లోబిన్ 12 దాటాక మళ్లీ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక దగ్గర మొదలు. ఈసారి నాతోపాటు ఇద్దరు కొత్తవాళ్లు చేరారు, ఇద్దరూ నా కౌంటర్‌కి వచ్చే కస్టమర్లే. ఒకావిడ పాసుబుక్ ఎంట్రీ వేయించుకోవడానికి వచ్చి, నా చేతికి తెల్లగా ఉన్న గడియారం గుర్తు చూసి అడిగింది. రేపు నాలుగున్నరకి రండి, చూస్తాం అన్నాను. బాబాయ్ నాకు వేసిన వల అదే.

ముంబై ఫుల్ మారథాన్ ఆలోచన నాది కాదు. లెక్కల మాస్టారు ఒకసారి వెళ్లొచ్చి, వచ్చే జనవరికి అందరం పోదాం అన్నారు. ఫీజు తక్కువేం కాదు. దానికి రైలు, బస, కొత్త బూట్లు. బూట్లు ఒక జత ఏడెనిమిది వందల కిలోమీటర్ల కంటే రావు, దాంతో పరుగు ఉత్త పుణ్యానికి అయ్యే వ్యాయామమన్న మాట ఉత్తదే. ఆ డబ్బుతో గ్రాము బంగారం కొనుక్కోవచ్చు కదా అని మా చెల్లెలు అంది. ఆ లెక్క తప్పని నేను అనను.

ఆగస్టు నుంచి తయారీ. మంగళవారం ఆయాసం వచ్చే పరుగు, గురువారం కైలాసగిరి ఘాట్ రోడ్డు, ఆదివారం లాంగ్ రన్. కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు. పైదాకా ఆగకుండా ఎక్కడం, నడుస్తూ దిగడం, మళ్లీ ఎక్కడం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు వచ్చి పోతుంటాయి. హోరు వానలో కూడా బీచ్ రోడ్డు మీద మేమే ఉండేవాళ్లం. పోలీసులు ఒకసారి వెనక్కి పంపేశారు, మంచిపనే చేశారు. లాంగ్ రన్ వారానికి రెండేసి కిలోమీటర్లు పెంచడం, నాలుగో వారం తగ్గించడం. 24, 26, 28. రుషికొండ దాటి తొట్లకొండ వైపు. ఆ రోడ్డులో తెల్లారే వేళ చేపల బుట్టలతో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు "ఏటమ్మా, ఎవులు తరుముతున్నారు?" అని అడిగేవారు. బ్యాంకోళ్లు, అనేవాడు ఇంజనీరింగ్ కుర్రాడు.

ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు అయినా తయారీలో అంత దూరం మామూలుగా పరిగెత్తించరు, ఒళ్లు కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఎక్కువలో ఎక్కువ 30, 32. డిసెంబరు మొదట్లో మా గుంపంతా మంగమారిపేట దాటి వెనక్కి తిరిగి 32 పూర్తి చేశాం. ఆ రోజు ఇంటికి పోయి దూరం చెప్పగానే అత్తగారు, "ప్రదక్షిణ అయిపోయిందన్నమాట. ఇంకా పది ఎందుకే?" అన్నారు.

ముంబైకి మా నుంచి ఐదుగురం. బాబాయ్ రాలేదు, మోకాలి చిప్ప దగ్గర వాపు. స్టేషన్‌కి వచ్చి రైలెక్కించారు. వైజాగ్ నుంచి ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకి పైగా కూర్చుని, చపాతీలు, పెరుగన్నం, ఆవకాయ. ఆవకాయ వద్దని డాక్టరమ్మ మొత్తుకున్నా మాస్టారు వినలేదు.

జనవరి మూడో ఆదివారం, తెల్లారకముందే సీఎస్‌ఎంటీ రైల్వే స్టేషన్ ముందు బయలుదేరాం. మా ఉక్క ముందు ముంబై జనవరి చల్లగానే అనిపించింది. మెరైన్ డ్రైవ్ మీద చీకట్లో వేల కాళ్ల చప్పుడు. బాంద్రా-వర్లీ సీ లింక్ మీద మామూలుగా మనుషుల్ని నడవనివ్వరు, మారథాన్ రోజు రానిస్తారు. దాని మీద పరిగెడుతుంటే కింద అరేబియా సముద్రం. తూర్పు సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లం కదా, సూర్యుడు తప్పు వైపు నుంచి వస్తున్నట్టనిపించింది.

మా టీ షర్టుల వెనక తెలుగులో "వైజాగ్" అని రాయించుకున్నాం. ఇంజనీరింగ్ కుర్రాడి ఐడియా. వర్లీ దగ్గర ఎవరో ఆడగొంతు "వైజాగ్ అక్కా, ఆగకు, ఆగకు!" అని అరిచింది. మిల్లుల కాలంలో తెలంగాణ నుంచి వలస వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆవిడ నా వెంట కొంచెం దూరం ఉరికి, నా చేతిలో ఒక కమలాపండు ముక్క పెట్టింది. ముంబై జనం గురించి మాస్టారు చెప్పింది నిజమే. రోడ్డుకి రెండు వైపులా పిల్లలు బిస్కెట్లు, చాక్లెట్లు పట్టుకుని నిలబడతారు, మన బిబ్ (ఛాతీ మీది నంబరు చీటీ) మీద పేరు చూసి పిలుస్తారు. గిరి ప్రదక్షిణలో మజ్జిగ ఇచ్చే కుర్రాళ్లే నాకు గుర్తొచ్చారు.

30 దాటాక ఏమవుతుందో పుస్తకాల్లో ఉంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం అయిపోతుంది, కొవ్వు కరిగి శక్తి రావడానికి టైము పడుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. అనుభవంలో అది కాళ్ల సంగతి కాదు. ఉత్తపుణ్యానికి ఏడుపొస్తుంది. చిన్నప్పుడు పోగొట్టుకున్న పెన్ను గుర్తొచ్చి ఏడుపొచ్చింది నాకు. డాక్టరమ్మ పక్కనే ఉంది. మేమిద్దరం మొదటినుంచీ కలిసే పరిగెత్తాం. ఆవిడ అప్పటికే నాకు ఉప్పు గురించి, నడుము నిటారుగా పెట్టడం గురించి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. స్కూటీ మీద ఉన్న రోజుల వల్ల ఆవిడ పని కూడా అయిపోయిందని నాకు తెలిసిపోయింది. సీటు కింద డబ్బా లేదు గానీ జేబులో చిక్కీ ఉంది, చెరో ముక్క తిన్నాం.

చివరి ఏడెనిమిది కిలోమీటర్లలో పెద్దర్ రోడ్డు ఎత్తు వస్తుంది. దాన్ని నడిచి ఎక్కాం. ఆ తర్వాత మళ్లీ మెరైన్ డ్రైవ్, ఈసారి ఎండలో. 5 గంటల 52 నిమిషాలు. ఫినిష్ దగ్గర మాస్టారు, కుర్రాడు, తమ్ముడు మెడల్స్ వేసుకుని రోడ్డు పక్క బూట్లు విప్పి కూర్చుని ఉన్నారు. మాస్టారు మమ్మల్ని చూడగానే మా ఇద్దరి సగటు పేస్ చెప్పేశారు.

వైజాగ్ చేరిన మర్నాడు కాళీ గుడి దగ్గరికి నడుచుకుంటూనే వెళ్లాం, పరిగెత్తే స్థితిలో ఎవరూ లేరు. బాబాయ్ మోకాలికి క్రేప్ బ్యాండేజీ కట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మెడల్ చూడలేదు, అభినందనలు చెప్పలేదు. ఫోన్‌లో పరుగులు రికార్డు చేసే స్ట్రావా యాప్ తెరిచి, కళ్లజోడు పైకి జరుపుకుని నా కిలోమీటర్లు ఒక్కొక్కటే చదివారు.

"ముప్ఫై దాకా బానే ఉన్నావు. ముప్ఫై ఆరు దగ్గర ఏటయ్యింది?"

"పెద్దర్ రోడ్డు బాబాయ్ గారూ. పెద్ద ఎత్తు."

"మన కైలాసగిరి కంటే పెద్దదేటి?"

"కాదండీ."

"మరి గురువారాలు అన్నిసార్లు ఎక్కించింది ఎందుకమ్మా?" అని ఫోన్ నా చేతిలో పెట్టి, పాసుబుక్ ఆవిడ ఇంకా రాలేదేంటని గడియారం చూసుకున్నారు.